నీలగెడ్డకు సహజత్వ తనిఖీ

ప్రకృతి విహార మండలి వారి 'సహజ దినయాత్ర' బస్సు పొద్దున్న అయిదున్నరకు విశాఖలో బయల్దేరుతుంది. దారిలో ఇడ్లీ. పదిన్నరకు పులిదూకుడు లోయ. ఒంటిగంటకు కొండ మీద నీలగెడ్డ సరస్సు, ఆ ఒడ్డునే బొంగులో చికెన్. చీకటి పడ్డాక ఎవరిళ్ళకు వాళ్ళు. సెలవు ఒక్కరోజే ఉన్నవాళ్ళకి ఒక్కరోజులో పట్టేంత ప్రకృతిని మండలి వారు కొలిచి పెట్టారు.

ఈ యాత్రకి గైడు వంతల భీమన్న. సరస్సు కిందనే ఉన్న పనసగుడ అతని ఊరు, నలభై గడపలు. లోయలో ఎక్కడ నిలబడి కేకేస్తే మూడుసార్లు తిరిగొస్తుందో, ఏ రాతి మీద పాచి ఉందో భీమన్నకి కంఠతా వచ్చు. ఏ మలుపులో ఎవరికి కడుపులో తిప్పుతుందో మొహాలు చూస్తే తెలిసిపోతుంది. ఆరేళ్ళలో ఒక్క యాత్రికుణ్ణి కూడా జారనివ్వలేదు. ఆ సంగతి మండలి వారు ఏ కాగితం మీదా రాయలేదు. జారితే రాసేవారు.

అంతా బాగానే జరుగుతుండగా మండలి ఛైర్మన్ చైతన్యమూర్తి గారు ఎక్కడో ఏడు రోజుల ప్రకృతి జీవన శిబిరానికి వెళ్ళొచ్చారు. అక్కడ ఆయన ఒంటినిండా మట్టి పూసి ఎండలో కూర్చోబెట్టారట. తిరిగొచ్చేముందు మట్టి కడిగేసుకున్నారు గానీ సహజత్వం మాత్రం వదల్లేదు. వచ్చిన మర్నాడే సర్క్యులర్ వేశారు.

'పర్యాటకుడు నగర జీవనపు కృత్రిమత్వము నుండి విముక్తి కోరి వచ్చుచున్నాడు. కావున యాత్రాస్థలములకు కిలోమీటరు పరిధిలో మానవ నిర్మితమైన ఏ వస్తువూ ఉండరాదు. యాత్ర నూరుశాతము సహజముగా జరుపబడవలెను. సహజత్వమునకు భంగము కలిగించువారిపై తగు చర్య తీసుకొనబడును.'

దీన్ని అమలు జరపడానికి ముక్తేశ్వరరావు అనే ఆయన్ని సహజత్వ తనిఖీ అధికారిగా వేశారు. మనిషి మంచివాడే. తణుకు బదిలీ కోసం నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నవాడు. లోయకు సరిగ్గా వెయ్యిన్నొక్క మీటర్ల దూరంలో డేరా వేసుకుని, అందులో ఇనపమంచం, టేబుల్ ఫ్యానుతో కాపురం పెట్టాడు. అతని దగ్గర ఒక ఫారం ఉండేది. కనిపించిన ప్రతిదానికీ ఎదురుగా 'సహజం' అనో 'కృత్రిమం' అనో టిక్కు పెట్టాలి. మూడో గడి లేదు.

మొదట సిమెంటు బెంచీలు పోయాయి. ఆ తర్వాత చెత్తబుట్టలు పోయాయి, దాంతో చెత్త సహజంగా పడుకుంది. ఆపైన లోయ అంచున ఉన్న ఇనప కటకటాలు పీకేశారు. ఆ రోజు నుంచి భీమన్న యాత్రికులందరి చేతా చేతులు పట్టించి, మొదటి చెయ్యి తను పట్టుకుని, మేకల్ని వాగు దాటించినట్టు దాటించేవాడు. చేతులు పట్టుకోవడం సహజమా కాదా అని ముక్తేశ్వరరావు రెండు రోజులు ఆలోచించి, ఉత్తరం రాసి అనుమతి తెప్పించాడు.

మరుగుదొడ్లు తీసేసినప్పుడు ఒకావిడ గట్టిగానే నిలదీసింది. ముక్తేశ్వరరావు చేతులు కట్టుకుని వినయంగా జవాబిచ్చాడు.

"సదరు అవసరము కూడా సహజమైనదే కదమ్మా. దాని నిమిత్తం ప్రకృతిలో తగినన్ని పొదలు కలవు."

తర్వాత యాత్రికుల వంతు వచ్చింది. గొడుగులు, కళ్ళద్దాలు, సవరాలు, విగ్గులు, పళ్ళసెట్లు అన్నీ బస్సు దగ్గరే డ్రైవరుకి అప్పజెప్పి టోకెన్ తీసుకోవాలి. ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు పళ్ళు బస్సులో పెట్టొచ్చి, బొంగులో చికెన్ ముందు కూర్చుని, వాసన మాత్రం కడుపారా పీల్చి లేచారు. ఇంకొకాయన విగ్గు తీస్తే ఆయన కొత్త కోడలు ఎవరో పెద్దాయన అనుకుని నమస్కారం పెట్టింది.

భీమన్నకీ తిప్పలు తప్పలేదు. ఆరేళ్ళుగా అతను చెప్తున్న మాటలు బట్టీ పట్టినట్టున్నాయని, ఇకమీదట సహజంగా మాట్లాడాలని ఆజ్ఞ అయింది. సహజంగా మాట్లాడవలసిన మాటలు నాలుగు పేజీలు టైపు చేయించి పంపారు. మధ్యమధ్యలో 'ఇచట ఆశ్చర్యపోవలెను' అని కూడా రాసి ఉంది. కాగితం కృత్రిమం కాబట్టి చేత్తో పట్టుకుని చదవకూడదు. పాపం భీమన్న నాలుగు పేజీలూ బట్టీ పట్టి, చెప్పినచోటల్లా ఆశ్చర్యపోయాడు.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. వైశాఖంలో ముక్తేశ్వరరావు సరస్సు తనిఖీకి వచ్చాడు.

నీళ్ళు కొండ నీడ పడి నల్లగా, మధ్యలో నీలంగా నిలకడగా ఉన్నాయి. ముక్తేశ్వరరావుకే ముచ్చటేసింది. టిక్కు పెట్టబోతూ, ఊరికే మాటవరసకి అడిగాడు.

"ఈ సరస్సు ఏ కాలం నాటిదోయ్, భీమన్నా?"

తెలియదంటే సరిపోయేది. దేవుడిచ్చిందంటే ఇంకా బాగుండేది. కానీ సొంత ఊరి గొప్ప చెప్పుకునే అవకాశం ఆరేళ్ళలో మొదటిసారి వచ్చింది. టైపు చేసిన నాలుగు పేజీల్లో పనసగుడ పేరే లేదు.

"మా తాత కుర్రోడప్పుడు కట్టినారు బావూ," అన్నాడు భీమన్న ఛాతీ పొంగించి. "మూడేళ్ళు వరసగా వాన నేదట. ఇలగైతే సచ్చిపోతామని ఊరంతా కూడి, పారే గెడ్డకి అడ్డంగా రాయేసి మట్టేసి గట్టు కట్టినారు. ఆ కొసన అగుపడతంది సూడండి, ఆ బండ ఒక్కదాన్నీ దొర్లించడానికి పద్దెనిమిది రోజులు పట్టిందట. ఇప్పటికీ ఏటా వానలకి ముందు గట్టు పండగ సేత్తాం. పాకే పిల్లకాడి నుంచి పండు ముసిలి వరకూ తలో తట్టెడు మట్టి వెయ్యాల. వెయ్యకపోతే ఆ ఏడు గట్టు ఆగదు."

ముక్తేశ్వరరావు చేతిలో పెన్ను ఆగిపోయింది.

"అంటే ఇది మనుషులు కట్టిందా?"

"మరేటి బావూ. మావోళ్ళే కట్టినారు."

ముక్తేశ్వరరావు నిట్టూర్చి 'కృత్రిమం' గడిలో టిక్కు పెట్టాడు. భీమన్న ఆ టిక్కుని మెచ్చుకోలు అనుకుని సంతోషపడ్డాడు.

పదిహేను రోజులకి ఉత్తర్వు వచ్చింది. సదరు జలాశయము మానవ నిర్మితమని తేలినందున, గట్టును తొలగించి, సరస్సును దాని పూర్వపు సహజస్థితికి పునరుద్ధరించవలెను. పూర్వపు సహజస్థితిలో సరస్సు ఉండదు గదా అని ఎవరికీ తోచలేదో, తోచినవాళ్ళు ఊరుకున్నారో తెలియదు. పెద్దల ఫైళ్ళలో ఊరుకున్నంత ఉత్తమం లేదు.

గట్టు తవ్వడానికి పొక్లెయిన్ వచ్చింది. కిలోమీటరు అవతలే ఆగిపోయింది. యంత్రం కృత్రిమం, లోపలికి రాకూడదు. అలాగైతే మనుషుల చేత పారలతో తవ్విద్దామంటే పార కూడా కృత్రిమమే అయింది. ఆ చుట్టుపక్కల ఏనుగులు లేవు. అడవిపందులు ఉన్నాయి గానీ అవి మండలి మాట వినవు. ముక్తేశ్వరరావు పైకి రాశాడు. ఈసారి ఛైర్మన్ గారు స్వయంగా ఆలోచించి, తన మేధస్సుకు తనే మురిసిపోతూ జవాబు పంపారు.

'కృత్రిమమును తొలగించుటకు ప్రకృతియే సమర్థురాలు. ఈ సంవత్సరము ఎవరునూ సదరు గట్టుపై తట్టెడు మట్టి కూడా వేయరాదు. వర్షములు తమ పని తాము సహజముగా చేసుకొనును.'

అదీ దెబ్బ. పనసగుడ నలభై గడపలకీ ఆ చెరువు కింద మడులే ఆధారం. వరి, కొంచెం రాగులు, అక్కడి మాటలో చోళ్ళు. గట్టు తెగితే ఆ వరద మడుల్లో ఉన్న మట్టిని కూడా ఊడ్చుకుపోతుంది. తాతలనాడు మూడేళ్ళు పస్తులున్నది కథగా విన్నవాళ్ళు ఇప్పుడు స్వయంగా అనుభవించాల్సి వస్తుంది.

ఊరంతా భీమన్న ఇంటి ముందు చేరింది. ఒకరిద్దరు తిట్టారు. ఎక్కువమంది తిట్టకుండా కూర్చున్నారు, అది ఇంకా కష్టంగా ఉంది. గట్టు పండగకి మొదటి తట్ట ఎత్తే పెద్దరికం భీమన్న మేనత్త చిలకమ్మది. ఆమె చుట్ట ఆర్పి పక్కన పెట్టింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంతారు," అంది. "నీ నోరు మరీ మంచిదైపోనాదిరా అయ్యా."

"తప్పైపోనాది అత్తా. నిజమే గందా అని సెప్పినాను."

"అడిగినోడెవుడో సూసి సెప్పాల నిజం." ఆవిడ గట్టు వైపు చెయ్యి చూపింది. "ఆ గట్టు మీద సీమలపుట్టలున్నాయి గందా. వాటిని కూడా తీసెయ్యమన్నారేటి?"

"నేదత్తా. అవి సహజం. మొన్న ఫారం మీద టిక్కెట్టాడు."

"సీమలు మట్టేత్తే సహజం, మాము ఏత్తే కాదేటి? ఎల్లి అడుగు."

భీమన్న వెళ్ళాడు. డేరాలో ముక్తేశ్వరరావు ఫ్యాను కింద కూర్చుని తణుకు వైపు చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"బావూ, సీమలపుట్ట సహజమే గదండీ?"

"సందేహమేముంది. సహజం."

"గిజిగాడి గూడు?"

"పరమ సహజం."

"ఎలక గట్టుకి బొక్కెడితే?"

"అదీ సహజమే. అది దాని స్వభావం."

"మరి మాము మట్టెయ్యడం మా సొబావం బావూ."

ముక్తేశ్వరరావు జాలిగా నవ్వాడు. "మీరు మనుషులు కదయ్యా."

 ఆ తర్వాతి మాట అనడానికి భీమన్నకి సిగ్గేసింది, కోపమూ వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. మడులు గుర్తొచ్చి అనేశాడు.

"ఏ కాయితం మీదుంది బావూ, మాము మనుషులమని?"

ముక్తేశ్వరరావు సర్క్యులర్ తీశాడు. వెనక అనుబంధం 'బి' ఉంది. స్థానిక జీవజాలం: గుర్తించు విధానం. చదువుతున్నకొద్దీ అతని గొంతులో జాలి తగ్గి, ఆఫీసు పెరిగింది.

"ఒకటి. సదరు జీవి ఆ స్థలములోనే పుట్టి పెరిగినదై ఉండవలెను."

"మాము ఇక్కడే బావూ. తాతలకాడి నుంచీ."

"రెండు. పరిసరములలో లభించు ఆహారమునే ప్రధానముగా తినవలెను."

"సోళ్ళు, దుంపలు, ఆకులు, పనసకాయలు."

"మూడు. గూటిని పరిసరములలో లభించు వస్తువులతో కట్టుకొనవలెను."

"పక్కా ఇళ్ళు మాకు రానేదండి. మట్టి గోడలు, గడ్డి కప్పులు."

"నాలుగు. తన అలవాట్లను ప్రభుత్వ శిక్షణ లేకుండా తల్లిదండ్రుల నుండి నేర్చుకొన్నదై ఉండవలెను."

"గవర్నమెంటు మాకేటీ నేర్పనేదు బావూ. బడికి పంతులొచ్చి పదకొండేళ్ళయింది."

ముక్తేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాలుగుకి నాలుగూ సరిపోయాయి. ఇంత చక్కగా సరిపోయిన కేసు అతని ఉద్యోగంలో ఇంకోటి లేదు. మనిషిగా అతనికి ఎక్కడో కొంచెం చురుక్కుమంది గానీ, అధికారిగా ప్రాణం లేచొచ్చింది. ఫైలు మూసేస్తే తణుకు దగ్గరవుతుంది. ఆ సాయంత్రమే స్థానిక జీవజాలపు జాబితాలో ముళ్ళపందికీ అడవికోడికీ మధ్యన ఒక గీత గీసి, గుండ్రటి అక్షరాలతో ఎక్కించాడు.

'క్రమసంఖ్య 14. పేరు: పనసగుడ మనుషులు. సంఖ్య: 163. స్వభావము: సాధువు. ప్రత్యేకత: ఏడాదికొకసారి గుంపుగా మట్టి మోయును. ఇది వాటి సహజ ప్రవృత్తి. భంగపరచరాదు.'

ఛైర్మన్ గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. అలాంటి వింత ఏ ఖండంలోనూ లేదని పత్రికలవాళ్ళకి చెప్పారు. 'మహా మట్టి వలస' అని కరపత్రాలు అచ్చు వేయించారు. ఆ ఒక్కరోజుకీ మూడు బస్సులు నిండిపోయాయి.

ఊరి గట్టు ఊరికి దక్కింది. భీమన్న ఉద్యోగం మాత్రం దక్కలేదు. జాబితాలోనున్న జీవి యాత్రికులకు మార్గదర్శిగా వ్యవహరించరాదని మెమో ఇచ్చి, టోపీ, బిళ్ళా తీసుకున్నారు. భీమన్న ఇంటికొచ్చి నవ్వాడు. నవ్వుతూనే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

గట్టు పండగ రోజు వచ్చింది. చిలకమ్మ మొదటి తట్ట ఎత్తి గట్టు మీద బోర్లించింది. వెనక ఊరంతా వరసగా కదిలింది. ముప్ఫై అడుగుల అవతల మూడు బస్సుల జనం చేతులు పట్టుకుని నిలబడ్డారు. బోర్డులు పెట్టకూడదు కాబట్టి ముక్తేశ్వరరావే బోర్డులాగా నిలబడి అరుస్తున్నాడు.

"దగ్గరికి పోరాదు. మేత పెట్టరాదు. పేరు పెట్టి పిలువరాదు."

పట్నం నుంచి వచ్చిన కొత్త గైడు బట్టీ పట్టిన మాటలు అప్పజెప్తున్నాడు. "అదుగో చూడండి, ముందు నడిచేది గుంపుకి పెద్ద. సాధారణంగా ఆడదే అయి ఉంటుంది. దాని వెనక ఎర్ర తుండువాది మగది. మంచి వయసులో ఉంది." ఇచట అతను ఆశ్చర్యపోయాడు.

ఎర్ర తుండు భీమన్నది. నెత్తిన తట్ట బరువుగా ఉంది. అంతకంటే బరువుగా ఆ మాట పడింది. ఈ జనాన్నే కదా ఆరేళ్ళు చెయ్యి పట్టుకుని నడిపించాను అనుకున్నాడు. ఎవరో ఒకావిడ "మాట్లాడుతుందా?" అని గైడుని అడిగింది. నాలుగు పేజీల్లో దానికి జవాబు లేదు. భీమన్న తల తిప్పకుండా వెళ్ళి మట్టి బోర్లించి, కాలితో గట్టిగా తొక్కాడు.

ఛైర్మన్ గారికి ఉత్సాహం ఆగలేదు. తనూ ఒక తట్ట వేస్తానని పంచె ఎగ్గట్టారు. ముక్తేశ్వరరావు పరుగున అడ్డమొచ్చాడు.

"క్షమించాలి సార్. తమరి తట్ట పడితే గట్టు కృత్రిమమైపోతుంది. తమరు మనుషులు."

ఛైర్మన్ గారు గర్వపడాలో నొచ్చుకోవాలో తెలియక వెనక్కి తగ్గారు.

మధ్యాహ్నం మూడయ్యేసరికి వాన దిగింది. రోహిణి ఎండలు చూసి ఎవరూ అనుకోనిది. చినుకులు కాదు, కుండపోత. గొడుగులు బస్సులో ఉన్నాయి. బస్సు కిలోమీటరు అవతల ఉంది. మధ్యలో గెడ్డ మోకాలిలోతు నుంచి నడుములోతుకి పొంగింది. కొత్త గైడు చెప్పవలసిన మాటలు అయిపోయాయి. మూడు బస్సుల జనం బండరాళ్ళ మీద వణుకుతూ నిలబడ్డారు. కళ్ళెదుటే పనసగుడ ఇళ్ళు, పొయ్యిల మీంచి పొగ. జీవజాలపు ఆవాసాల్లోకి వెళ్ళరాదని అనుబంధం 'బి'లో ఉంది. అది రాయించింది ఛైర్మన్ గారే.

ఊరివాళ్ళు చూరుల కింద నుంచి చూస్తున్నారు.

"నిలబడనీయండి," అన్నాడొకడు. "ముప్పై అడుగులంట గందా."

 లోపల భీమన్నకీ ఉంది, నిలబడనీ అని. గైడుగా ఆరేళ్ళు చూసిన చూపు మాత్రం అటే పోయింది. కొసన నిలబడ్డ ముసలాయన కాలికింద పాచి రాయి ఉంది.

"మనుషులు తడిసిపోతన్నార్రా," అంది చిలకమ్మ. "తీసుకురా."

భీమన్న వానలోకి వెళ్ళాడు. ముందు ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఇంకొకరిని పట్టుకుంది. ఆ వరసలోనే ఛైర్మన్ గారు, ఆయన వెనక ముక్తేశ్వరరావు, అంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుడిసెల్లోకి చేరారు. చిలకమ్మ ఇంట్లోనే ఇరవైమంది కుక్కుకుని కూర్చున్నారు. ఆవిడ వేడి అంబలి ఆకుదొప్పల్లో పోసి అందరికీ ఇచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు.

ఛైర్మన్ గారు రెండో దొప్ప కూడా తాగారు. ఆయన కళ్ళు చెమర్చాయి. అది పొగ వల్ల కాదు, నిజంగానే కదిలిపోయారు. లేచి నిలబడి, అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా. ఈనాడు నేను ఒక మహత్తర సత్యమును దర్శించాను. మీరు జంతువులు కారు. ముళ్ళపంది నాకు అంబలి పోసేదా? మీరు మనుషులు. మాకంటే గొప్ప మనుషులు. మండలి పక్షాన జరిగిన పొరపాటును నేను సవరిస్తాను. ముక్తేశ్వరరావ్, రేపు ఉదయమే వీరందరినీ జాబితా నుండి తొలగించి, మనుషులని ఉత్తర్వు పుట్టించు."

యాత్రికులు చప్పట్లు కొట్టారు. ముక్తేశ్వరరావు తలూపాడు. ఇంటివాళ్ళు మాత్రం ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. చిలకమ్మ చేతిలో గరిటె ఆగింది. భీమన్న గుమ్మంలోంచి చెరువు వైపు చూశాడు. నీళ్ళు గట్టు అంచుకి జానెడు దిగువ దాకా ఎక్కాయి. పొద్దున్న వేసిన పచ్చి మట్టి నిలబడి ఉంది.

అతను వచ్చి ఛైర్మన్ గారి ముందు చేతులు జోడించాడు.

"బావూ, తమకి పున్నెం ఉంటాది. ఆ ఒక్క పనీ సెయ్యకండి."

"నీ వినయం నన్ను ఇంకా కదిలిస్తోంది," అన్నారు ఛైర్మన్ గారు. "నా నిర్ణయం మారదు."

చిలకమ్మ గరిటె కుండలో పెట్టేసి, ఆయన వైపు తిరిగింది.

"తడిసిపోతన్నారని ఇంట్లోకి పిలిసినాం. ఉన్న అంబలి పోసినాం," అంది. "మీకు మాము ఏటి అపకారం సేసినామని బావూ, మమ్మల్ని మనుషుల్ని సేసేత్తామంతన్నారు?"